వియ్యపురాలితో మెల్‌బోర్న్ దాకా

బుధవారం: నల్గొండ నుంచి జడ్చర్ల

మా అమ్మాయికి జూన్ చివర్లో నెలలు నిండుతాయి. అల్లుడు ఇద్దరు తల్లులకూ ఒకే టికెట్ మీద సీట్లు తీశాడు. హైదరాబాద్ నుంచి సింగపూర్, అక్కడ విమానం మారి మెల్‌బోర్న్. ఆ మాట బయటపడినప్పటి నుంచి చుట్టాల్లో ఒకటే వేళాకోళం. వియ్యపురాళ్ళిద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే దిగేసరికి ఒక్కరే మిగులుతారని మా మరిది పందెం కూడా కాశాడు. పెళ్ళిలో పెట్టుపోతల దగ్గర మాకు మాట పట్టింపు వచ్చిన సంగతి అందరికీ తెలుసు. తర్వాత పండగకో పబ్బానికో ఫోనులో పలకరింపులే తప్ప ఒక పూట కలిసి కూర్చున్నది లేదు.

నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వదిన, అంటే మా వియ్యపురాలు, జడ్చర్ల దగ్గరి పల్లెలో ఉంటారు. ఐదో తరగతి దాకా చదివారు, మహిళా సంఘం నడుపుతారు. కాబట్టి అందరూ నాకే అప్పగింతలు పెట్టారు: "ఆమెకు ఏమీ తెలియదు, నువ్వే చూసుకోవాలి." నేనూ సరే అన్నాను, కాస్త గర్వంగానే.

నల్గొండ వాళ్ళు శంషాబాద్ వెళ్ళాలంటే నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వెళ్ళి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతారు. వదిన సామాను కూడా చూసి కట్టించాలని నేను అటు వెళ్ళకుండా దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల చేరాను. రోహిణి కార్తె. బస్సు కిటికీలోంచి వచ్చే గాలికి కళ్ళు మండాయి. దారి పొడవునా దున్ని వదిలేసిన చెలకలు వాన కోసం నోళ్ళు తెరిచి ఉన్నాయి.

సామాను కట్టించాల్సిన పనేమీ లేకపోయింది. అన్నీ కట్టి, కొక్కెం తక్కెడతో తూచి, ఒక్కో పెట్టెలో ఏమున్నదో కాగితం మీద రాసి మూతకు లోపల అంటించి పెట్టారు. మామిడికాయ తొక్కు మూడు పొరల కవర్లలో, సకినాలు డబ్బాలో, పల్లీల పొడి, నువ్వుల పొడి వేర్వేరుగా. చేతి సంచిలో మాత్రం ఒక చీర, తువ్వాలు, ఒక పాత గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు. పలుచగా తట్టి, పెనం మీద కాల్చి, తర్వాత కటకటలాడేలా ఆరబెట్టినవి. విమానంలో భోజనం పెడతారు కదా అన్నాను. "పెడితే తిందాం వదినా. పెట్టకపోతే?" అన్నారు.

గురువారం: శంషాబాద్

జడ్చర్ల నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద బాలానగర్, షాద్‌నగర్, కొత్తూరు దాటితే శంషాబాద్. నగరంలోకి అడుగు పెట్టకుండానే విమానాశ్రయం వచ్చేస్తుంది. విమానాశ్రయం బేగంపేటలో ఉన్న రోజుల్లో ఈ సుఖం లేదు. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక పాలమూరు వాళ్ళకు విమానం దగ్గరైంది, మాకే కొంచెం చుట్టు.

అమ్మాయి ఇద్దరికీ వీల్‌చైర్ అడిగి పెట్టింది. మనవైపు నుంచి వెళ్ళే తల్లిదండ్రుల్లో చాలామందికి వీల్‌చైర్ కాళ్ళ కోసం కాదు, భాష కోసం. తోసుకెళ్ళే మనిషి గేటు దాకా చేరుస్తాడు, కాగితాలు చూపిస్తాడు, దారి తప్పే భయం ఉండదు. నిజంగా నడవలేని వాళ్ళు దానివల్ల వరుసలో వేచి ఉండాల్సి వస్తుందన్నది కూడా నిజం. వదిన ఆ కుర్చీ చూసి, "నాకెందుకు, నడుస్తాను కదా" అన్నారు. మోకాళ్ళ నొప్పి నాది. భాష తెలిసిన నేను కుర్చీలో, తెలియని ఆమె పక్కన నడుస్తూ బయలుదేరాం.

పెట్టెలు ఇచ్చి కూర్చున్నామో లేదో నా పేరు పిలిచారు. ఒడిబియ్యం పోయడానికి నేను కట్టుకున్న కుడుకలు ఎక్స్‌రేలో కనబడ్డాయట. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, వేడికి అంటుకునే గుణం ఉంది కనుక విమానంలో పెట్టెల్లో పంపకూడని వస్తువుల్లో అదీ ఉంది. పెట్టె తెరిపించి తీసేశారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆడపిల్లకు ఒడి నింపే వస్తువు మరి. వదిన మాత్రం ఆ ఉద్యోగినిని అడిగారు, "పసుపు, కుంకుమ, ఖర్జూరాలు పోతాయి కదమ్మా?" పోతాయంది. "అయితే మిగతావి అక్కడ కొనుక్కుందాం, మూసేయండి."

భద్రతా తనిఖీ దగ్గర నా నీళ్ళ సీసా ఒంపించారు. మాది మునుగోడు వైపు. ఫ్లోరైడ్ నీళ్ళకు నడుములు వంగిపోయిన మనుషుల మధ్య పెరిగినవాళ్ళం. సున్నం, పటిక వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి మా జిల్లా పేరే పెట్టింది, 'నల్గొండ టెక్నిక్' అని. అలాంటి చోటి మనిషి ఎక్కడికి వెళ్ళినా ముందు తన నీళ్ళు తను కట్టుకుంటుంది. 100 మిల్లీలీటర్లు దాటిన నీళ్ళ సీసాను అంతర్జాతీయ విమానంలో చేతి సామానులో పోనివ్వరని చదివే ఉన్నాను. అయినా ఆ మంచినీళ్ళు తొట్టిలో పోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. ఖాళీ సీసా తీసుకెళ్ళి లోపల నింపుకోవచ్చు, అది వేరే సంగతి.

రాత్రి పదకొండున్నరకు ఎక్కాల్సిన విమానం ఎంతకీ రాలేదు. మొదట గంట ఆలస్యమన్నారు, తర్వాత రెండు. చివరికి సాంకేతిక లోపం, తెల్లవారి పదింటికి బయలుదేరుతుందని ప్రకటించారు. జనం కౌంటరు మీద పడ్డారు. ఒక విద్యార్థి తన ఫోనులో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన తెరిచి గట్టిగా చదివాడు: రాత్రి 8 నుంచి తెల్లవారు 3 గంటల మధ్య బయలుదేరాల్సిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైతే ప్రయాణికులకు హోటల్ గది ఇవ్వాలి. సంస్థ చేతిలో లేని కారణాలకు మినహాయింపులున్నాయి గానీ, ఆ మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు. కౌంటరులోని అమ్మాయి "గదులు లేవు, ఇక్కడే ఏర్పాట్లు చేస్తాం" అంటోంది. అరిచేవాళ్ళు అరుస్తున్నారు. వీడియో తీసేవాళ్ళు తీస్తున్నారు.

వదిన చేతి సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీశారు. "నిబంధన పైన రాయి బాబూ" అని ఆ కుర్రాడికి ఇచ్చారు. దాని కింద పసిపిల్లల తల్లులు, పెద్దవాళ్ళు ముందు, మిగతావాళ్ళు తర్వాత, వరుసగా పేరు, సీటు నంబరు, సంతకం. ఇరవై నిమిషాల్లో రెండు పేజీలు నిండాయి. సంఘంలో తీర్మానం రాయడం ఇలాగేనట. అది తీసుకెళ్ళి కౌంటరు మీద పెట్టి, "తీసుకున్నట్టు మీరు కూడా ఒక సంతకం పెట్టండమ్మా" అన్నారు. ఆ అమ్మాయి సంతకం పెట్టలేదు. ఫోను తీసుకుని లోపలికి వెళ్ళింది. అరగంటకు గదుల చీటీలు వచ్చాయి.

ఇమిగ్రేషన్‌లో మా పాస్‌పోర్టుల మీద వేసిన బయలుదేరే ముద్రలు రద్దు చేయించుకుని, బస్సెక్కి, హోటల్ చేరేసరికి ఒంటి గంటన్నర. కింద భోజనం పెట్టారు. చల్లారిన నూడుల్స్, తీపి ఎక్కువైన టమాటా చారు, పెరుగులో వేసిన పండ్ల ముక్కలు. అర్ధరాత్రి ఆకలితో వచ్చిన వాళ్ళకు కొంచెం అన్నం, పప్పు, పచ్చడి పెట్టడానికి ఇంత పెద్ద హోటల్‌కు ఏం కష్టమో నాకు అర్థం కాలేదు. వదిన గుడ్డ విప్పారు. ఒక కప్పులో పెరుగు తెప్పించి, రొట్టె తుంచి వేసి, పైన పల్లీల పొడి చల్లారు. రెండు నిమిషాల్లో ఆ విద్యార్థి, మక్తల్ నుంచి వచ్చిన ఒక జంట, మరో ముసలాయన మా బల్ల దగ్గరికి చేరారు. రొట్టెలు సగమైపోయాయి.

గదిలో తలుపు గడియ రెండుసార్లు చూసి, చీటీలు నోటుపుస్తకంలో పెట్టుకుని, వదిన పడుకున్నారు. పడుకున్నారంటే నిద్రపోయారనే అర్థం. నేను తెల్లారేదాకా ఏసీ చప్పుడు వింటూ ఉన్నాను.

శుక్రవారం: సింగపూర్

విమానం పదిన్నరకు లేచింది. అందరం చప్పట్లు కొట్టాం.

భోజనాల గురించి కొంచెం చెప్పాలి, మనవాళ్ళకు పనికొస్తుంది. టికెట్ తీసేటప్పుడు శాకాహారం అని ఊరికే అంటే సరిపోదు. 'ఏవీఎమ్‌ఎల్' అంటే మన తరహా శాకాహారం, కూర, అన్నం, రొట్టె వస్తాయి. 'వీజీఎమ్‌ఎల్' అడిగితే పాలు, పెరుగు కూడా లేని పాశ్చాత్య వంట, ఉడికించిన కూరగాయలు. 'హెచ్ఎన్ఎమ్ఎల్', అంటే హిందూ భోజనం అని చూసి మురిసిపోకండి, అందులో మాంసం ఉంటుంది, గొడ్డుమాంసం మాత్రం ఉండదు. కనీసం ఒక రోజు ముందే చెప్పాలి. ప్రత్యేక భోజనం తీసుకున్నవాళ్ళకు అందరికన్నా ముందు వడ్డిస్తారు, పక్కవాళ్ళు చూస్తుండగా తినాలి, అదొక్కటే ఇబ్బంది. మాకు రాజ్మా, జీలకర్ర అన్నం, పనీర్ వచ్చాయి. ఉప్పు కారం రెండూ తక్కువే. పైకి ఎగిరాక నాలుకకు రుచి తగ్గుతుంది, గాలి మరీ పొడిగా ఉండటమూ ఇంజను హోరూ దానికి కారణమంటారు. వదిన చిన్న పొట్లం విప్పి వెల్లుల్లి కారం చల్లారు. ఇద్దరి పళ్ళేలూ ఖాళీ అయ్యాయి.

నాలుగున్నర గంటల ప్రయాణం. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు, కనుక దిగేసరికి అక్కడ సాయంత్రం ఐదు దాటింది. మా మెల్‌బోర్న్ విమానం ఎప్పుడో వెళ్ళిపోయింది. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండబట్టి మమ్మల్ని చేర్చే బాధ్యత సంస్థదే అయింది. విడివిడిగా చవగ్గా తీసుకుని ఉంటే రెండో టికెట్ డబ్బులు నీళ్ళలో పోసినట్టే. శనివారం పొద్దున తొమ్మిదింటి విమానంలో సీట్లు, రాత్రికి విమానాశ్రయం లోపలే ఉన్న ట్రాన్సిట్ హోటల్లో గది ఇచ్చారు. ఇమిగ్రేషన్ దాటి బయటికి వెళ్ళాల్సిన పని లేదు, వీసా గొడవ లేదు. పెట్టెలు మాత్రం నేరుగా మెల్‌బోర్న్‌కే ట్యాగ్ చేసి ఉన్నాయి, చేతికి ఇవ్వరు. నా దగ్గర మార్చుకోవడానికి ఏమీ లేదు. వదిన దగ్గర ఒక చీర, తువ్వాలు ఉన్నాయి. చీర నాకిచ్చి, తను కట్టుకున్నది రాత్రి ఉతికి స్నానాలగదిలో ఆరేశారు.

చాంగీ విమానాశ్రయం గురించి విన్నదంతా నిజమే, నేల మీద తివాచీతో సహా. బోర్డుల మీద తమిళం చూసి వదిన సంతోషపడ్డారు, చదవలేకపోయినా గుండ్రటి అక్షరాలు కదా. నేను మాత్రం ముందు నీళ్ళు చూశాను. పంపు నీళ్ళు నేరుగా తాగవచ్చునట. పెద్ద నదులు లేని చిన్న దేశం. వాన నీరు పట్టుకుంటుంది, పక్కనున్న మలేషియా జొహోర్ నుంచి కొనుక్కుంటుంది, సముద్రపు నీటిలో ఉప్పు తీస్తుంది, వాడిన నీటిని శుద్ధి చేసి 2003 నుంచి 'న్యూవాటర్' పేరుతో మళ్ళీ వాడుతుంది. నా ఖాళీ సీసా నింపుకుని తాగాను. నీళ్ళకు ఏ రుచీ లేదు. మునుగోడు వైపు వాళ్ళకు అంతకన్నా మంచి మాట ఉండదు.

టెర్మినళ్ళ మధ్య తిరిగే చిన్న రైలు ఎక్కితే అది 2019లో తెరిచిన జ్యువెల్ అనే గాజు గుమ్మటం గుండా వెళ్తుంది. నడిమధ్యన పైకప్పు నుంచి 40 మీటర్ల ఎత్తున నీళ్ళు కిందికి దూకుతాయి, చుట్టూ చెట్లు. జనమంతా ఫోనులు పైకెత్తారు. వదిన నోరు తెరిచి చూశారు. రైలు ముందుకు పోయాక అడిగారు, "దీన్ని కట్టిన కూలోళ్ళు ఏ దేశం వాళ్ళు వదినా?" సింగపూర్ కట్టడాల పనుల్లో బంగ్లాదేశ్ వాళ్ళు, మనదేశం వాళ్ళు ఎక్కువని చెప్పాను. "ఉంటారు మరి" అన్నారు.

గదిలో ఆ రాత్రి ఆమె చెప్పిన కథ నాకు కొత్త. వాళ్ళ అమ్మానాన్నలు పాలమూరు లేబరు. కరువు కాలంలో ఊరు వదిలి శ్రీశైలం డ్యాం పనికి వెళ్ళారు. ఆమె నడక నేర్చుకున్నది అక్కడి గోనెపట్టా గుడిసెల్లోనేనట. తర్వాత కర్ణాటకలో కాలువల పని, ఆ తర్వాత పెళ్ళై భర్తతో బొంబాయి బస్సు. లారీ మీద, రైలు బోగీలో తలుపు పక్కన, కాంట్రాక్టరు చెప్పిన చోట, రాని లారీ కోసం రెండేసి రోజులు రోడ్డు మీద. కొడుకును ఆ పనుల మధ్యే హాస్టల్లో వేసి చదివించారు. "రొట్టె ఎండబెట్టడం అప్పుడే నేర్చుకున్నా. పప్పు, కూర పాచిపోతాయి, ఇది పోదు. అప్పుడు మాకు చీటీ రాసిచ్చేవాడు లేడు. లెక్క నోటితోనే, మోసమూ నోటితోనే. సంఘంలో చేరాక మొదట కొనుక్కున్నది నోటుపుస్తకం."

పదిహేనేళ్ళు పాఠాల్లో 'వలసలు: కారణాలు, ఫలితాలు' అని బోర్డు మీద రాసినదాన్ని. ఏం మాట్లాడాలో తెలియక టీ పెట్టుకుందామా అని అడిగాను. గదిలో కెటిల్ ఉంది, పాలపొడి పొట్లాలు ఉన్నాయి. టీ మాత్రం బాగా కుదిరింది.

శనివారం: గాలిలో

శనివారం వదినకు ఒక్కపొద్దు. వెంకటేశ్వరస్వామికి పగలంతా ఉపవాసం, పొద్దు కుంకాక ఒకే భోజనం. ఏడున్నర గంటల విమానం, వచ్చేదేమో రెండు భోజనాలు. ప్రయాణంలో పట్టింపు ఉండదని చెప్పాను. నవ్వి ఊరుకున్నారు.

సింగపూర్ భూమధ్యరేఖకు ఒక డిగ్రీ పైన ఉంటుంది. ఎగిరిన కొద్ది నిమిషాలకే రేఖ దాటతాం. బడిలో గ్లోబు తిప్పి చూపించిన గీత కదా అని నేను కిటికీకి అతుక్కుపోయాను. కింద మబ్బులు తప్ప ఏమీ లేదు. కొన్ని గంటల తర్వాత ఆస్ట్రేలియా తీరం దాటాక మాత్రం నేల కనబడింది. ఎర్రగా, మనిషి జాడ లేకుండా, గంటల తరబడి అదే నేల. "మా చెలకలాగే ఉంది. పల్లి వేయరా ఇక్కడ?" అన్నారు వదిన. నీళ్ళు లేవన్నాను. "మాకు మాత్రం ఉన్నాయా" అన్నారు.

మొదటి భోజనం వచ్చినప్పుడు సిబ్బంది అమ్మాయిని ఆపి, పళ్ళెం చూపి, కిటికీ చూపి, అరచేయి కిందికి దించి సూర్యుడు మునిగినట్టు సైగ చేశారు. నేను ఇంగ్లీషులో చెప్పబోయేలోపే ఆ అమ్మాయి "సన్‌సెట్?" అని తలూపి పళ్ళెం తీసుకెళ్ళిపోయింది. రంజాన్ ఉపవాసాలవాళ్ళకు ఇలా దాచి పెట్టడం వాళ్ళకు అలవాటేనట.

తమాషా ఏమిటంటే మేము తూర్పుకు, దక్షిణానికి పోతున్నాం. జూన్ అంటే అక్కడ చలికాలం, పగళ్ళు పొట్టివి. ఎడారి దాటేసరికే వెలుగు పలచబడింది. పశ్చిమాన ఎర్రటి గీత మిగిలి అదీ పోయింది. నా చేతి గడియారం ఇంకా మన సమయమే చూపిస్తోంది, మధ్యాహ్నం ఒంటి గంట దాటింది. ఊళ్ళో ఉంటే ఉపవాసం ఇంకా ఐదు గంటలకు పైగా మిగిలి ఉన్నట్టు. అది చెబితే వదిన కిటికీ మూత పూర్తిగా పైకెత్తి చూసి, "పొద్దు కుంకిందా లేదా?" అన్నారు. కుంకింది. దణ్ణం పెట్టుకుని పళ్ళెం తెప్పించుకున్నారు. ఇంత తక్కువ శ్రమతో ఒక్కపొద్దు ఎన్నడూ గడవలేదని భోజనమయ్యాక ఒప్పుకున్నారు.

విమానంలోనే ఒక కార్డు ఇచ్చారు. తినే వస్తువులు, మొక్కలు, విత్తనాలు, జంతువులకు సంబంధించినవి ఏమైనా ఉన్నాయా అని ఆస్ట్రేలియా ప్రభుత్వం అడుగుతుంది. తెగుళ్ళు, పురుగులు రాకుండా వాళ్ళ జాగ్రత్త. ఉన్నవాటికి ఉన్నాయని రాస్తే తనిఖీ చేసి, పనికిరానివి తీసేసుకుని పంపిస్తారు. దాచి దొరికితే జరిమానా, వీసా రద్దు కూడా కావచ్చు. "అన్నిటికీ ఉన్నదనే రాయండి" అన్నారు వదిన. అప్పుడే తెలిసింది, ఆమె పెట్టెలో తంగేడు గింజలున్నాయని. పెరట్లో వేస్తే పుట్టబోయే బిడ్డ బతుకమ్మకు పూలుంటాయని తెచ్చారట.

మెల్‌బోర్న్‌లో డిక్లేర్ చేసే వరుస పొడుగు. అధికారి మధ్యవయసు మనిషి, ఓపిక ఉన్నవాడు. పెట్టె మూతకు అంటించిన కాగితం ఏమిటని అడిగాడు. నేను చదివి చెబుతుంటే ఒక్కో వస్తువూ తీసి చూశాడు. సకినాలు, పొడులు, తొక్కు పంపించాడు. గింజల పొట్లం తీసి పక్కన పెట్టాడు. అవి ఏ పువ్వువని అడిగితే పసుపుపచ్చటి పువ్వు, మా రాష్ట్ర పుష్పమని చెప్పాను. పాపం, సారీ అన్నాడు. వదిన, "ఆయన పని ఆయన చేస్తున్నాడు" అని పెట్టె మూసుకున్నారు. పెట్టెల్లో ఉన్నదంతా రాసి పెట్టుకున్నందుకు మాకు పది నిమిషాలే పట్టింది. పక్క బల్ల దగ్గర ఒకాయన పెట్టె అడుగు దాకా విప్పుతూనే ఉన్నారు.

బయట చలి ఎముకల్లోకి పోయింది. అల్లుడు ముందు తన తల్లికి కోటు తొడగబోయాడు. ఆమె దాన్ని నాకు ఇప్పించారు. మోకాళ్ళ నొప్పులట, నాకు.

ఆదివారం: మెల్‌బోర్న్

ఇద్దరం మా అలవాటు వేళకే లేచాం, అంటే ఇక్కడ తొమ్మిదిన్నరకు. అమ్మాయి అప్పటికే ఉప్మా చేసి పెట్టింది. కుడుకలు దగ్గరలోని భారతీయ కిరాణా కొట్లో దొరుకుతాయని చెప్పింది.

టిఫిను దగ్గర అల్లుడు విమాన సంస్థ మీద మండిపడ్డాడు, పెద్దవాళ్ళను రెండు రాత్రులు తిప్పారని. వదిన నోటుపుస్తకం తెచ్చి శంషాబాద్ చీటీ, సింగపూర్ చీటీ, బోర్డింగ్ పాసులు బల్ల మీద వరుసగా పెట్టారు. ఫిర్యాదు రాయాలంటే ఇవన్నీ కావాలి కదా అన్నారు. తర్వాత అడిగారు, తిరుగు ప్రయాణంలో సింగపూర్‌లో ఎంతసేపు ఆగాలని.

"రెండు గంటలేనమ్మా, ఈసారి ఇబ్బంది ఉండదు."

"మార్చడానికి వీలవుతుందా?"

"ఎందుకు?"

"ఒక రాత్రి ఆగేటట్టు చూడు. వదినకు ఆ నీళ్ళు బాగున్నాయి. నాకు ఆ గది బాగుంది."

మా అల్లుడు నా వైపు చూశాడు. నేను ఉప్మా తింటూ, ఏవీఎమ్‌ఎల్ అని రాయించడం మరిచిపోవద్దన్నాను.